పుడమి పద్దు

పడమట నల్లమల కొండలు, తూర్పున వెలికొండలు. ఆ రెండు శ్రేణుల నడుమ పొడవుగా సాగిన మెట్టసీమలో గిద్దలూరు, కంభం, కొమరోలు ఉన్నాయి. కంభం వైపు గుండ్లకమ్మ పారి తూర్పు సముద్రానికి చేరుతుంది. గిద్దలూరు ప్రాంతం మీదుగా సగిలేరు దక్షిణానికి దిగి పెన్నలో కలుస్తుంది. పేరుకు రెండు ఏళ్ళు ఉన్నా అవి వానాకాలంలో నాలుగు రోజులు పొంగి, వేసవిలో ఇసుక మేటలుగా మిగులుతాయి. అదనులో వాన కురిస్తే కంది, సజ్జ, జొన్న, ఆముదం చేతికి వస్తాయి. కురవని ఏడాది పశువులకు మేత, మనుషులకు తాగునీరు కూడా కష్టమవుతాయి. వేసవిలో నీటి ట్యాంకరు వచ్చే వేళకు వీధి పొడవునా ప్లాస్టిక్ బిందెలు వరుస తీరి ఉండటం పశ్చిమ ప్రకాశం పల్లెలు ఎరిగిన దృశ్యమే.

ఈ సీమలో కొత్తగా బోరు వేయించిన రైతు ఎదురైతే క్షేమసమాచారం కంటె ముందుగా అడిగే ప్రశ్నలు రెండు. “ఎన్ని అడుగులకు పడింది?” అన్నది మొదటిది. “ఎన్ని ఇంచుల నీళ్ళు?” అన్నది రెండవది. నీటి లోతును అడుగులతోను, ధారను ఇంచులతోను కొలవడం ఇక్కడ చదువురాని వారికి కూడా తెలుసు. తండ్రి కాలంలో మోట తోలిన దిగుడుబావికి పది నిలువుల లోతు ఉంటే అది గొప్ప బావి. కొడుకు కాలానికి బోరు వందల అడుగులకు దిగింది. అప్పు తెచ్చి ఒక బోరు వేయించి, అది ఎండితే మరొకటి, అదీ ఎండితే ఇంకొకటి వేయించి, చివరకు పెంచిన బత్తాయి తోటను తన చేతులతోనే నరికించుకున్న రైతులు ఈ మెట్టలో ఎందరో ఉన్నారు. చెట్టు కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఎండిపోవడానికి ఒక్క వేసవి చాలు.

ఆ రెండు ప్రశ్నలూ తోడుకొనే నీటిని గురించినవే అన్న సంగతిని మనం గమనించాలి. భూమిలోకి ఏటా ఎంత నీరు దిగుతున్నది? చుట్టుపక్కల బోరులన్నీ కలిసి ఎంత తోడుతున్నాయి? ఈ ప్రశ్నలను సాధారణంగా ఎవరూ అడగరు. కిరాణా దుకాణం నడిపే చిన్న వర్తకుడు కూడా సాయంకాలం జమ ఒక వైపు, ఖర్చు మరొక వైపు రాసి చూసుకొంటాడు. ప్రకృతి నుండి మనం పొందే వాటి విషయంలో మాత్రం ఖర్చు ఉన్నదే గాని పద్దు లేదు. ఆ పద్దు రాయవచ్చునా, రాస్తే ఏ కొలమానంతో రాయాలి అన్న ఆలోచన ఇరవయ్యవ శతాబ్ది చివరలో శాస్త్రజ్ఞులకు కలిగింది. దాని ఫలితమే ‘పర్యావరణ పాదముద్ర’ అనే భావన.

కెనడా దేశంలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం రీస్ అనే ఆచార్యుడు, ఆయన వద్ద పరిశోధన చేసిన మాథిస్ వాకర్‌నాగెల్ 1990 తరువాతి తొలి సంవత్సరాలలో ఈ భావనకు రూపం ఇచ్చారు. 1996లో వారిద్దరి పుస్తకం వెలువడింది. అంతకుముందు జీవశాస్త్రజ్ఞులు వేసుకొనే ప్రశ్న వేరుగా ఉండేది. ఒక పచ్చిక బీడు ఎన్ని పశువులను పోషించగలదు, ఒక అడవి ఎన్ని జింకలను భరించగలదు అని వారు అడిగేవారు. మనిషి విషయంలో ఆ ప్రశ్నకు సమాధానం దొరకదు. పశువు తానున్న బీడులోనే మేస్తుంది. మనిషి ఒకచోట నివసిస్తూ పదిచోట్ల మేస్తాడు. అందుచేత రీస్, వాకర్‌నాగెల్ ప్రశ్నను తిరగవేశారు. ఇంత నేల ఎందరిని పోషిస్తుంది అని కాక, ఒక మనిషి బ్రతుకు సాగడానికి ఎక్కడెక్కడి నేల ఎంత అవసరమవుతున్నది అని అడిగారు.

కొమరోలులోని ఒక సామాన్య కుటుంబాన్ని తీసుకొందాం. ఆ ఇంటి చేనులో కందులు, సజ్జలు పండవచ్చు. వారు తినే బియ్యం చాలావరకు ఎక్కడో కాలువల కింద పండి చౌకధరల దుకాణం ద్వారా వస్తుంది. తాళింపుకు వాడే పామాయిలు ఇండోనేషియా, మలేషియా తోటలలోని గెలల నుండి తీసినది కావచ్చు. వంటగ్యాసులో అధికభాగం గల్ఫ్ దేశాల నుండి ఓడలలో దిగుతుంది. బోరు మోటారును తిప్పే విద్యుత్తులో ఎక్కువపాలు బొగ్గు మండించగా వచ్చినది. ఆ బొగ్గుపొగను పీల్చుకోవడానికి ఎక్కడో అడవి ఉండాలి. ఒంటిమీది చొక్కాకు పత్తిచేను, కాళ్ళ చెప్పులకు పశువు మేసిన బీడు, ఇంటికి, బాటకు పోయిన నేల ఉండనే ఉన్నాయి. ఈ తునకలనన్నింటిని ఒకచోట చేర్చి కొలిస్తే వచ్చే విస్తీర్ణమే ఆ కుటుంబం పుడమిపై మోపిన పాదముద్ర. అది వారి పట్టాదారు పాసుపుస్తకంలో కనిపించదు.

ఈ లెక్కలో నేలను ఆరు విధాలుగా విభజించారు. పంటపొలాలు, పచ్చిక బయళ్ళు, కలపనిచ్చే అడవులు, చేపలు దొరికే జలాలు, కట్టడాల కింద పోయిన నేల, బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవడానికి కావలసిన అడవి అన్నవి ఆ ఆరు. అన్నిచోట్ల నేల సారం ఒకటి కాదు కాబట్టి కృష్ణా డెల్టాలోని హెక్టారును, రాజస్థాన్ ఎడారిలోని హెక్టారును ఒక్కటిగా లెక్కించడం కుదరదు. అందుకని ప్రపంచంలోని సగటు ఉత్పాదక శక్తి గల హెక్టారును ప్రమాణంగా తీసుకొని దానికి ‘గ్లోబల్ హెక్టారు’ అని పేరు పెట్టారు. మనిషి కోరికలను ఈ హెక్టార్లలో కొలిస్తే పాదముద్ర వస్తుంది. ప్రకృతి ఏడాదిలో తిరిగి పుట్టించగల శక్తిని అదే హెక్టార్లలో కొలిస్తే జీవసామర్థ్యం వస్తుంది. మొదటిది ఖర్చు, రెండవది ఆదాయం. 2003లో ఏర్పడిన గ్లోబల్ ఫుట్‌ప్రింట్ నెట్‌వర్క్ అనే సంస్థ దేశాలవారీగా ఈ లెక్కలు వెలువరించడం ప్రారంభించింది.

ఆ లెక్కల ప్రకారం 1970 తరువాతి తొలి సంవత్సరాల నుండి మానవజాతి ఖర్చు భూమి ఆదాయాన్ని మించిపోయింది. ఇప్పటి వాడకం సాగాలంటే సుమారు 1.8 భూగోళాలు కావాలని 2025లో అంచనా వేశారు. భూమి సంవత్సరం పొడవునా ఇవ్వగలిగినదానిని మనం ఏ తేదీకి వాడివేస్తున్నామో కూడా ఏటేటా లెక్కించి ప్రకటిస్తున్నారు. 2025లో ఆ తేదీ జులై 24. కరోనా వ్యాధి వలన లోకమంతా ఇళ్ళలో ఉండిపోయిన 2020లో మాత్రం అది ఆగస్టు 22కు జరిగింది. కర్మాగారాలు, విమానాలు నిలిచిపోతే గాని మనకు కొన్ని వారాల గడువు దొరకలేదన్నమాట.

ఉన్నది ఒక్క భూమి అయినప్పుడు ఒకటిన్నర పైచిలుకు భూములను ఎట్లా వాడగలం అన్న సందేహం విద్యార్థికి కలగడం సహజం. గాదెలో గింజలున్న రైతు ఆ ఏడు పండినదానికంటె ఎక్కువ తినవచ్చు; అతడు తినేది విత్తనాలకు దాచిన గింజలని కొంతకాలానికి గాని తెలియదు. అడవి పెరిగే వేగంకంటె త్వరగా నరికితే కొన్ని దశాబ్దాల వరకు కలప దొరుకుతూనే ఉంటుంది. చేపపిల్లలు ఎదగక మునుపే వలవేస్తే మరికొన్ని ఏళ్ళు వలలు నిండుతాయి. బొగ్గుపులుసు వాయువు సంగతి మరింత విచిత్రమైనది. పీల్చుకొనే అడవి చాలకపోతే ఆ వాయువు గాలిలోనే పేరుకొంటుంది. మొత్తం పాదముద్రలో సగానికి పైగా భాగం ఈ వాయువుదే. బాకీ కట్టమని ఎవరూ తలుపు తట్టరు కాబట్టి ఖర్చు పెరిగినట్లే తోచదు. వేసవి తీవ్రత, అకాలవర్షం, తప్పిన ఋతుపవనం రూపంలో ఆ బాకీ వసూలవుతున్నది. అప్పు చేసినవాడు ఒకడు, కట్టేవాడు మరొకడు కావడమే ఇందులోని అన్యాయం.

ఆ అన్యాయం ఎంతటిదో అంకెలు చెబుతాయి. ప్రపంచంలో మనిషికి లభించే జీవసామర్థ్యం సుమారు ఒకటిన్నర గ్లోబల్ హెక్టార్లు. సగటు మానవుడు వాడేది రెండున్నరకు పైన. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని పౌరుడు ఏడెనిమిది హెక్టార్ల దాకా వాడుతున్నాడు. సగటు భారతీయుడి వాడకం ఒకటికి కొంచెం అటూ ఇటూ మాత్రమే. లోకమంతా మనవలె బ్రతికితే ఒక్క భూమి చాలును, కొంత మిగులును. ఇది విని గర్వపడేవారు ఉండవచ్చు. పొదుపుకు, లేమికి భేదం ఉన్నది. రెండు బిందెల నీటితో ఇల్లు గడుపుకొనే ఇల్లాలి పాదముద్ర చిన్నదైతే దానిని ఆమె నిగ్రహానికి నిదర్శనంగా చూపడం ఉచితం కాదు. సగటు అనేది కూడా మాయదారి అంకె. చల్లని గదులలో కూర్చొని వారానికి రెండుసార్లు విమానమెక్కే భారతీయుడు, ఉపాధి పనికి నడిచిపోయే భారతీయుడు ఆ సగటులో ఒకరి నీడలో ఒకరు దాగిపోతారు. మరొక సంగతి ఏమంటే, మనదేశంలో మనిషికి లభించే జీవసామర్థ్యం అర హెక్టారు కూడా లేదు. తక్కువ తింటున్నా, ఉన్నదానికంటె ఎక్కువే తింటున్నాం.

ఇంత ఉపయోగపడే లెక్కలో ఒక పెద్ద వెలితి ఉన్నది. ఇది నీటిని లెక్కించదు. పంట పండిన పొలాన్ని కొలుస్తుంది గాని ఆ పంటకోసం నేల అడుగునుండి తోడిన నీటిని కొలవదు. కొట్టుకొనిపోయిన పైమట్టిని, నీటిలో పెరిగిన ఫ్లోరైడును, అంతరించిన పక్షిజాతిని కూడా కొలవదు. బోరులు తోడి ఈ ఏడాది దిగుబడి పెంచితే ఈ లెక్క ప్రకారం ఆ నేల జీవసామర్థ్యం పెరిగినట్లే కనిపిస్తుంది! నిజానికి అది భూగర్భంలోని పాత నిలువను ఆదాయం కింద రాసుకోవడమే. 2009లో స్వీడన్‌కు చెందిన యోహాన్ రాక్‌స్ట్రోమ్, ఆయన సహచరులు భూమికి తొమ్మిది హద్దులను గుర్తించారు. వాటిలో వాతావరణం, జీవవైవిధ్యం వంటి వాటితోపాటు మంచినీరు కూడా ఉన్నది. ఆ తొమ్మిదింటిలో ఆరు హద్దులను దాటివేశామని 2023లోను, ఏడవది అయిన సముద్రజలాల ఆమ్లత్వపు హద్దును కూడా దాటామని 2025లోను పరిశోధకులు తెలిపారు. అయితే భూగోళమంతటికీ ఒక్క హద్దు గీస్తే కొమరోలు రైతుకు ఏమి ప్రయోజనం? అతడి హద్దు అతడి నేల కిందనే ఉన్నది. నీటి పద్దును ఏ ఊరికి ఆ ఊరు, ఏ వాగుకు ఆ వాగు రాసుకోవలసిందే.

ఆశ్చర్యమేమంటే, అటువంటి పద్దును మన పూర్వులు ఎరుగుదురు. కొమరోలుకు దక్షిణాన కడప జిల్లాలో పోరుమామిళ్ళ ఉన్నది. అక్కడి పెద్దచెరువును విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. దానికి అనంతరాజ సాగరమని పేరు. 1369 నాటి సంస్కృత శాసనం ఆ నిర్మాణాన్ని వివరిస్తున్నది. రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా రెండేళ్ళు పట్టిందట. దానకర్తను పొగిడి ఊరుకొంటే అది వందల శాసనాలలో ఒకటిగా మిగిలేది. ఈ శాసనం చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, కలుగకూడని ఆరు దోషాలను లెక్కపెట్టి చెప్పింది. జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి బంకనేల, తియ్యని నీటిని తెచ్చే ఏరు, కట్టకు ఆనుకొనే కొండలు, దగ్గరలో రాతిగని, నిర్మాణంలో నేర్పరులైన పనివారు ఆ అంగాలలోనివి. కట్టనుండి నీరు ఊటగా కారిపోవడం, చవుడునేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ తాబేటి వీపువలె మెరక ఉండటం దోషాలు. ఇక మిగిలిన రెండు దోషాలు మన చర్చకు ముఖ్యమైనవి. నీరు తక్కువై తడపవలసిన నేల ఎక్కువ కావడం ఒకటి. నీరు ఎక్కువై నేల తక్కువ కావడం మరొకటి. ఆదాయానికి, ఖర్చుకు పొంతన కుదరకపోతే కట్ట ఎంత బలమైనదైనా ఆ చెరువు దోషయుక్తమే అని సుమారు ఆరున్నర శతాబ్దాల కిందట రాతిమీద చెక్కించారు.

ఉత్తరాన కంభం చెరువు కూడా ఇటువంటిదే. రెండు కొండల నడుమ ఉన్న ఇరుకుసందులో గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి దీనిని నిర్మించారు. విజయనగర రాజకుటుంబానికి చెందిన వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. ప్రాచీన సాగునీటి కట్టడాలుగా ఈ రెండు చెరువులకు 2020లో అంతర్జాతీయ గుర్తింపు లభించింది. చెరువులో మరొక సుగుణం ఉన్నది. దాని పద్దు అందరి కళ్ళకు కనిపిస్తుంది. నీరు ఏ మెట్టు వరకు ఉన్నదో కట్టమీద నిలబడిన ప్రతివాడూ చూస్తాడు. ఈ ఏడు అందరికీ వరికి చాలదని, ఆయకట్టులో సగానికే తూము తీయాలని పెద్దలు అంటే, నీళ్ళు ఎదురుగా ఉన్నాయి కాబట్టి వాదనకు హద్దు ఉండేది. ఆనాటి నీటి పంపకాలలో అందరికీ న్యాయం జరిగిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. తూముకు దగ్గర పొలం ఎవరిది, చివర పొలం ఎవరిది అన్నదానిలో కులము, కలిమి పనిచేసేవి. లెక్క మాత్రం బహిరంగంగా ఉండేది.

బోరు వచ్చి ఆ లెక్కను కనుమరుగు చేసింది. బోరులో నీటిమట్టం ఎవరికీ కనిపించదు. నా పొలంలో నా బోరు అని ప్రతి రైతూ అనుకొంటాడు. నేల కింద నీటికి గట్లు లేవు. పక్కవాడి బోరు లోతైతే నా బోరు ఎండుతుంది. నేను తోడకపోతే మరొకడు తోడుతాడన్న భయం పొదుపును తెలివితక్కువతనంగా మారుస్తుంది. పైగా ఈ ప్రాంతంలోని నేల స్వభావం కూడా సహకరించదు. మార్కాపురం పలకలు ఒకప్పుడు ఎన్నో బడులలో అక్షరాలు దిద్దించాయి. ఆ పలకరాయి, దానివంటి గట్టి శిలలే ఈ సీమ అడుగున పరుచుకొని ఉన్నాయి. భూగర్భశాస్త్రజ్ఞులు వాటిలో ఒక శిలాశ్రేణికి కంభం పేరే పెట్టారు. ఇసుకనేలవలె అవి నీటిని తాగవు. పగుళ్ళలో, నెర్రెలలో నిలిచినంతే నీరు. లోతుకు పోయినకొద్దీ నీటి మోతాదు తగ్గడమే కాక కొన్నిచోట్ల ఫ్లోరైడు పెరుగుతుంది. కనిగిరి మొదలైన పశ్చిమ మండలాలలో పచ్చబారిన పళ్ళు, వంగిన ఎముకలు ఆ నీటి ఫలితమే.

ఇప్పుడు మనమే ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక ఎకరంలో ఒక మిల్లీమీటరు వాన కురిస్తే నాలుగువేల లీటర్ల నీరు. ఏడాదికి 700 మిల్లీమీటర్లు కురిసినదనుకొంటే ఎకరానికి 28 లక్షల లీటర్లు. అందులో అధికభాగం ఆవిరవుతుంది, మొక్కలు తాగుతాయి, కొంత వాగులపాలవుతుంది. ఇటువంటి రాతినేలలో పదోవంతు భూగర్భానికి చేరుతుందనుకోవడం ఉదారమైన అంచనాయే. అంటే ఎకరానికి 2.8 లక్షల లీటర్లు. ఇది మన జమ. వరిపైరుకు సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావాలి. అంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. వానలు వెనుకబట్టిన రబీలో ఈ నీరంతా బోరునుండే రావాలంటే ఒక ఎకరం వరికోసం పదిహేడు ఎకరాల నేల తాగిన వాన కావాలి. మడిలో ఇంకి తిరిగి లోపలికి పోయే నీటిని మినహాయించినా పది ఎకరాలకు తగ్గడం కష్టం. అదే వేరుసెనగకైతే 500 మిల్లీమీటర్లు, అంటే 20 లక్షల లీటర్లు చాలు. ఏడెకరాల వాన సరిపోతుంది. వరి వేసిన రైతు ఒక ఎకరానికే నీరు పెడుతున్నానని అనుకొంటాడు. అతడి పైరు పాదం పదిహేడు ఎకరాల మీద మోపి ఉన్నది. ఆ పదహారు ఎకరాలు ఎవరివి? చుట్టుపక్కల రైతులవి. వారికీ బోరులున్నాయి.

ఇటువంటి లెక్కను రైతులే వేసుకొన్న ప్రయోగం ఒకటి మన రాష్ట్రంలో జరిగింది. ‘ఆంధ్రప్రదేశ్ రైతు యాజమాన్య భూగర్భజల వ్యవస్థల పథకం’ అనేది 2003 నుండి 2009 వరకు నడిచింది. నెదర్లాండ్స్ ప్రభుత్వ సహాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో, స్వచ్ఛంద సంస్థల ద్వారా అమలయింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం అనే ఏడు కరవు జిల్లాలలోని ఆరువందలకు పైగా గ్రామాలు ఇందులో పాల్గొన్నాయి. ఈ పథకం చెక్‌డ్యాములు కట్టలేదు, మోటార్లు పంచలేదు, బోరులు వేయవద్దని శాసించలేదు. కొలవడం నేర్పింది. అంతే.

గ్రామంలోని రైతులు, వారిలో స్త్రీలు కూడా, వర్షమాపకం వద్ద వానను కొలిచేవారు. ఎంపిక చేసిన బావులలోకి టేపు వదిలి నీటిమట్టం ఎంత దిగినదీ పదిహేను రోజులకొకసారి చూసేవారు. మోటారు ఎంతసేపటికి ఎంత నీరు పోస్తున్నదో లెక్కకట్టేవారు. ఈ అంకెలన్నీ ఊరిలో అందరికీ కనబడే గోడమీద రాసేవారు. ఊరిహద్దును పక్కనబెట్టి ఒక వాగు పరీవాహకంలోని ఊళ్ళన్నింటిని ఒక్క విభాగంగా తీసుకోవడం ఇందులోని తెలివి. వాగుకు రెవెన్యూ గ్రామాలు తెలియవు కదా! ఖరీఫ్ ముగిసి రబీ మొదలయ్యే వేళ ఆ ఊళ్ళ రైతులందరూ ఒకచోట చేరేవారు. ఈ ఏడు కురిసిన వాననుబట్టి భూగర్భంలో ఎంత జమపడినది ఒకవైపు, ఎవరెవరు ఏ పంట ఎంత వేయదలచినది మరొకవైపు రాసి తేడా చూసేవారు. దానికి ‘పంట నీటి బడ్జెట్టు’ అని పేరు.

లోటు తేలిన సభలో ఏమి జరిగేదో ఊహించడం కష్టం కాదు. నీవు వరి మానుకొమ్మని ఎవరూ ఎవరినీ ఆజ్ఞాపించలేదు. సంతకాలు, జరిమానాలు లేవు. అంకె విని ఎవరి ఇంటికి వారు వెళ్ళారు. రెండెకరాల వరి అనుకొన్నవాడు అరెకరం తిండిగింజలకు ఉంచుకొని మిగతాదానిలో ఆరుతడి పంట వేశాడు. అతడిని మార్చినది త్యాగబుద్ధి అనడం కంటె నష్టభయం అనడం సత్యానికి దగ్గర. మార్చి నెలలో పైరు పొట్టమీద ఉండగా బోరు ఆగిపోతే పెట్టుబడి అంతా పోతుందని అతడికి అనుభవం చెప్పింది. ఈ ఏడు ఆగిపోయే ప్రమాదం ఉన్నదని అంకె చెప్పింది. ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన నివేదిక ఈ ప్రయోగాన్ని పరిశీలించి, అత్యధిక పరీవాహకాలలో రబీ నీటివాడకం కొన్ని సంవత్సరాలలోనైనా తగ్గినదని పేర్కొన్నది. చట్టాలతో సాధ్యపడనిది కొలతతో కొంత సాధ్యపడింది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం బోరుల మధ్య దూరాన్ని, అనుమతులను నిర్దేశించింది. అయితే రాత్రికి రాత్రి రిగ్గు వచ్చి బోరు దింపి వెళ్ళిపోతే పట్టుకొనేది ఎవరు?

ఈ ప్రయోగానికి పరిమితులు లేకపోలేదు. కరవు తీవ్రమైన ఏడాది ఎంత లెక్క వేసినా జమ లేనిదే లేదు. బోరు లేని రైతుకు, కౌలుదారుకు ఆ సభలో చెప్పదగిన మాట తక్కువ. తోడే విద్యుత్తు ఉచితమైనప్పుడు పొదుపుకు ప్రోత్సాహం తక్కువ. వీటిని ఒప్పుకొంటూనే, మానవుడి కోరికను, ప్రకృతి శక్తిని ఒకే కాగితం మీద పక్కపక్కన రాయించిన ఘనత ఆ రైతులకు దక్కుతుందని నా అభిప్రాయం. వాంకూవరులో ఆచార్యులు దేశాలకోసం చేసిన పనిని మన మెట్టరైతులు ఒక వాగుకోసం చేశారు.

ఈ ప్రాంత ప్రజలు మరొక నీటికోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నారు. అది పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు ఉద్దేశం శ్రీశైలం జలాశయంనుండి కృష్ణ వరదనీటిని నల్లమల కింద తొలిచిన రెండు సొరంగాల ద్వారా తీసుకొనిరావడం. ప్రకాశం, నెల్లూరు, కడప ప్రాంతాలలోని 4.47 లక్షల ఎకరాలకు 43.5 టి.ఎం.సి.ల నీరు ఇవ్వాలని నిర్ణయించారు. ఒక టి.ఎం.సి. అంటే రెండువేల ఎనిమిదివందల కోట్ల లీటర్లకు పైన. ఇది పరాయి ఆదాయాన్ని మన పద్దులోకి తెచ్చుకోవడమే. కొన్ని తరాలుగా ఫ్లోరైడు నీరు తాగిన సీమకు ఆ హక్కు లేదని అనే సాహసం ఎవరికుంటుంది? కాని ఆ నీరు వచ్చిననాడు కూడా లెక్క తప్పదు. 43.5 టి.ఎం.సి.లను 4.47 లక్షల ఎకరాలకు సమానంగా పంచి చూడండి. ఎకరానికి వచ్చేది సుమారు ఇరవై ఏడున్నర లక్షల లీటర్లు. కాలువలో ఇంకిపోయేది, ఎండకు ఆవిరయ్యేది, ఊళ్ళకు తాగునీరుగా ఇవ్వవలసినది అందులోనుండే పోవాలి. మిగిలిన నీరు వేరుసెనగకు, మొక్కజొన్నకు, ఆరుతడి పైర్లకు సరిపోతుంది. వరికి నలభై ఎనిమిది లక్షలు కావాలని ఇంతకుముందే చూశాం. కాలువ మొదట ఉన్న రైతు వరి నాటితే కాలువ చివరనున్న పొలానికి నీరు అందదు. నీరు తక్కువై నేల ఎక్కువ కావడం పోరుమామిళ్ళ శాసనం పేర్కొన్న దోషాలలో ఒకటి.